కందుకూరి జన్మగృహం: స్వీయచరిత్ర వెలుగులో స్మారక పరిరక్షణ

వ్యాససంగ్రహం

రచయితలు పుట్టి పెరిగిన ఇళ్ళను స్మారక మందిరాలుగా కాపాడుకోవడం ఇటీవలి కాలంలో సాహిత్య సంస్కృతిలో భాగమైంది. అయితే ఆ ఇంటిలో ఏది కాపాడదగినది అన్న ప్రశ్నకు కట్టడశాస్త్రం ఒక్కటే సమాధానం చెప్పలేదు. రాజమహేంద్రవరంలోని కందుకూరి వీరేశలింగం జన్మగృహాన్ని ఆయన ‘స్వీయ చరిత్రము’తో కలిపి చదివినప్పుడు, ఆ ఇంటి చరిత్రకు కేంద్రం పుట్టిన గది కాదనీ, వంటిల్లనీ, వీధిగుమ్మమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. జోడాసాంకో, కుప్పళి స్మారక గృహాలతో పరిమితమైన పోలిక కూడా ఇందులో ఉంది.

కీలకపదాలు: స్మారక గృహం, స్వీయచరిత్ర, వెలి, వితంతు వివాహం, రాజ్యలక్ష్మమ్మ, జ్ఞాపకం.

ప్రవేశిక

తెలుగువారి పేరుకు ముందు నిలిచే మాటను ‘ఇంటిపేరు’ అంటారు. కాని చాలా సందర్భాలలో అది ఇంటి పేరు కాదు, ఊరి పేరు. కందుకూరి వారికి కందుకూరు, గురజాడ వారికి కృష్ణాజిల్లాలోని గురజాడ. పూర్వులు వదిలివచ్చిన ఊరు వంశం వెంట నడిచి వస్తుంది. వాళ్ళు కట్టుకున్న ఇల్లు మాత్రం రెండు మూడు తరాలకు పంపకాలలో ముక్కలై, చేతులు మారి, పేరు పోగొట్టుకుంటుంది. ఇంటిని జ్ఞాపకంగా నిలుపుకోవడం మన సంప్రదాయంలో బలమైన అలవాటు కాదు. గుడినీ, చెరువునూ, సత్రాన్నీ కట్టినవారి పేరుతో నిలుపుకున్నాం గాని, కవి నివసించిన ఇంటిని అలా నిలుపుకున్న దాఖలాలు ప్రాచీన సాహిత్య చరిత్రలో అరుదు. కనుక రచయిత ఇంటిని స్మారక మందిరంగా మార్చడమనే పని మనకు ఆధునిక కాలం ఇచ్చినది. ఆ పనికి కావలసిన ఆలోచన కూడా మనం ఇంకా సమకూర్చుకుంటున్న దశలోనే ఉంది.

రాజమహేంద్రవరంలో రాష్ట్ర పురావస్తుశాఖ సంరక్షణలో ఉన్న కందుకూరి వీరేశలింగం జన్మగృహం ఈ ఆలోచనకు మంచి ఆధారం. 1848 ఏప్రిల్ 16న పున్నమ్మ, సుబ్బారాయుడు దంపతులకు వీరేశలింగం జన్మించారు. నాలుగేళ్ళ వయసులో తండ్రిని కోల్పోయి, పెదతండ్రి వెంకటరత్నం పోషణలో పెరిగారు. గద్యతిక్కన అన్న బిరుదు, నవల, ప్రహసనం, పత్రిక, కవుల చరిత్ర, ఇవన్నీ తర్వాతి మాట. ఒక పిల్లవాడు పెరిగిన ఇల్లుగా దానిని చూడడానికి కావలసిన సామగ్రి మరో చోట ఉంది. అది 1911లో, 1915లో రెండు భాగాలుగా వెలువడిన ‘స్వీయ చరిత్రము’. తెలుగులో తొలి స్వీయచరిత్రగా దానిని సాహిత్య చరిత్రకారులు పరిగణిస్తారు. ఇల్లు, పుస్తకం రెండూ మిగిలిన రచయితలు తెలుగులో ఎక్కువమంది లేరు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివే అవకాశం ఉన్నప్పుడు, ఒకదానిని పురావస్తుశాఖకూ మరొకదానిని తెలుగు శాఖకూ పంచి ఊరుకోవడం న్యాయం కాదు.

జన్మగృహం, బాల్యగృహం

మొదట ఒక పదం విషయం. స్మారక గృహాల బోర్డులపై ‘జన్మస్థలం’ అన్న మాట తరచుగా కనిపిస్తుంది. కాని మన కుటుంబాలలో తొలి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వెళ్ళడం ఆచారం. అందుచేత రచయిత పుట్టిన ఊరు ఎన్నోసార్లు అమ్మమ్మగారి ఊరవుతుంది; పెరిగిన ఊరు వేరవుతుంది. గురజాడ అప్పారావు 1862లో పుట్టింది మేనమామల ఊరైన ఎస్.రాయవరంలో. బాల్యం తండ్రి ఉద్యోగం చేసిన చీపురుపల్లిలో గడిచింది. చదువు, కొలువు, రచన విజయనగరంలో సాగాయి. స్మారకంగా మిగిలింది విజయనగరంలోని ఇల్లు. అది ‘కన్యాశుల్కం’ రచయిత ఇల్లే గాని చీపురుపల్లి పిల్లవాడి ఇల్లు కాదు. కన్నడ మహాకవి కువెంపు విషయమూ అంతే. 1904లో ఆయన తల్లి పుట్టిల్లయిన హిరేకొడిగెలో పుట్టారు. స్మారకంగా నిలిచింది పెరిగిన ఊరైన కుప్పళిలోని ‘కవిమనె’.

ఈ తేడాను చాదస్తంగా కొట్టివేయడానికి వీలులేదు. జన్మస్థలం అన్న మాట ఒక క్షణాన్ని పూజిస్తుంది. బాల్యగృహం అన్న మాట కొన్ని సంవత్సరాలను వివరించమంటుంది. మొదటి దానికి ఒక ఫలకం చాలు. రెండవ దానికి ఆ ఇంటిలో ఎవరెవరు ఉండేవారు, ఎవరు ఎక్కడ పడుకునేవారు, పిల్లవాడికి ఎక్కడికి వెళ్ళడానికి అనుమతి లేదు, ఎవరికి భయపడేవాడు వంటి వివరాలు కావాలి. వీరేశలింగం విషయంలో జన్మగృహమూ బాల్యగృహమూ ఒకే ఊరిలో కలిసిరావడం అదృష్టం. అయినా ‘జన్మగృహం’ అన్న పేరే స్థిరపడింది. ఆ పేరు సందర్శకుడిని పుట్టుక దగ్గరే ఆపుతుంది.

సుద్దగీత లోపలి పిల్లవాడు

బాల్యగృహాన్ని రచన ఎలా కాపాడుతుందో తెలుసుకోవడానికి రవీంద్రనాథ్ ఠాకూర్ ‘జీవన్‌స్మృతి’ని ఒకసారి తలచుకోవాలి. కలకత్తాలోని జోడాసాంకో ఠాకూర్ల భవనం నేడు రవీంద్రభారతి విశ్వవిద్యాలయ ప్రాంగణంలో స్మారక మందిరంగా ఉంది. పెద్ద భవనం, ఆడంబరమైన కుటుంబం. కాని కవి జ్ఞాపకంలోని ఇల్లు ఆ వైభవం కాదు. శ్యామ్ అనే నౌకరు పిల్లవాడిని ఒక చోట కూర్చోబెట్టి, చుట్టూ సుద్దతో గీత గీసి, దాటితే ఆపద అని బెదిరించి తన పని మీద తాను వెళ్ళిపోయేవాడు. రామాయణం విన్న పిల్లవాడికి లక్ష్మణరేఖ దాటిన సీత గతి తెలుసు. దాటేవాడు కాదు. కిటికీలోంచి కనిపించే చెరువునూ, గట్టు మీది మర్రిచెట్టునూ చూస్తూ పూట గడిపేవాడు. ఆ మర్రిచెట్టు తర్వాత లేకుండా పోయిందని కూడా ఆయనే రాశారు.

భవనం నిలిచింది, గీత చెరిగింది, చెట్టు పోయింది. బాల్యానికి సంబంధించి ఏవి ముఖ్యమో ఎంచమంటే ఏ పాఠకుడైనా చెరిగిపోయిన రెండింటినే ఎంచుతాడు. స్మారక గృహం దగ్గర ఉన్న చిక్కు ఇదే. ఇటుక, సున్నం, దూలం వంటి నిలిచే వస్తువులను అది కాపాడగలదు. సుద్దగీత వంటివాటిని కాపాడేది రచన మాత్రమే. కనుక బాల్యగృహాన్ని చూపించే పనిలో రచన ఇంటికి అనుబంధం కాదు. ఇంటిని చదవడానికి ఆధారం.

వీరేశలింగం బాల్యకథనంలోనూ ఇటువంటి చెరిగే గీతలున్నాయి. పసితనంలోనే సోకిన మశూచి, జీవితాంతం వెన్నాడిన దగ్గు, తండ్రి లేని పిల్లవాడి మీద తల్లికుండే అతి ఆందోళన ఆ కథనంలో ఉన్నాయి. ముఖ్యంగా ఇంట్లో దయ్యాల మీదా, భూతవైద్యుల మీదా ఉన్న నమ్మకం ఉంది. తర్వాతి కాలంలో మూఢవిశ్వాసాల మీద పత్రికలలో ఆయన సాగించిన యుద్ధానికి మొదటి రంగం వీధి కాదు, ఇల్లే. ఎదురు నిలవవలసింది శత్రువులకు కాదు, తనను ప్రేమించేవారికి. హేతువాదిగా ఆయన స్వరంలో వినిపించే తొందర, ఒక్కోసారి కాఠిన్యం, ఇక్కడి నుంచి చూస్తే కొంత అర్థమవుతుంది.

‘రాజశేఖర చరిత్రము’లో ఇల్లు

కల్పనలోనూ వీరేశలింగం దృష్టి ఇంటి మీద నిలిచింది. గోల్డ్‌స్మిత్ ఆంగ్ల నవల ప్రేరణతో వచ్చిన ‘రాజశేఖర చరిత్రము’ ధవళేశ్వరాన్నీ గోదావరినీ వర్ణించి, ఆపై కథానాయకుడి గృహానికి చేరుతుంది. ఆ వర్ణన అలంకారం కోసం కాదు. ఆ ఇంటికి వచ్చిపోయేవారి వరుసే కథను నడుపుతుంది: ముఖస్తుతి చేసేవారు, తిని కూర్చునేవారు, చివరికి బంగారం చేసిపెడతానన్న బైరాగి. ఇల్లు గుల్లవుతుంది, కుటుంబం కాశీయాత్ర పేరుతో గడప దాటుతుంది. గృహస్థు బలహీనత అరుగు మీద మొదలై పెట్టెల దాకా ఎలా పాకుతుందో చూపిన నవల అది. ఇంటిని నైతిక పరీక్ష జరిగే స్థలంగా ఊహించిన రచయిత, తన సొంత ఇంటిని అటువంటి పరీక్షకు పెట్టడం కొద్ది సంవత్సరాలలోనే జరిగింది.

వెలి, వంటిల్లు, గోదావరి నీళ్ళు

1881 డిసెంబరు 11న వీరేశలింగం తన ఇంట గోగులపాటి శ్రీరాములుకు, బాలవితంతువైన గౌరమ్మకు వివాహం జరిపించారు. కొద్ది రోజులకే రెండవ వివాహం జరిగింది. సాహిత్య చరిత్రలలో ఇది ఒక తేదీ. ‘స్వీయ చరిత్రము’లో అది ఒక ముట్టడి. ఊరు రెండుగా చీలడం, విద్యార్థులు కాపలా నిలవడం, బంధువులు మొహం చాటేయడం, పురోహితులు జంకడం, బహిష్కారపు బెదిరింపులు, ఇవన్నీ అక్కడ కనిపిస్తాయి. కాకినాడకు చెందిన పైడా రామకృష్ణయ్య ధనసహాయం లేకుంటే ఆ ఉద్యమం నిలదొక్కుకోవడం కష్టమయ్యేది. ఈ సంగతులు పాఠ్యపుస్తకాలకు ఎక్కాయి.

అంతగా ఎక్కనిది వెలి పనిచేసే తీరు. వెలి అన్నది ఒక వ్యక్తికి వేసే శిక్షగా చెప్పుకుంటారు గాని, ఆచరణలో అది ఇంటి మీద పడే శిక్ష. వెలి పడిన ఇంటికి పురోహితుడు రాడు. ఆ ఇంటి పంక్తిలో బంధువు కూర్చోడు. వంటమనిషి పొయ్యి వదిలి వెళ్ళిపోతుంది. నీళ్ళు మోసేవాడు బిందె దించి వెళ్ళిపోతాడు. శాస్త్రచర్చలు సభలలో జరుగుతాయి. వెలి మాత్రం వంటింట్లో అమలవుతుంది. కనుక వితంతు వివాహోద్యమం ఎదుర్కొన్న మొదటి ఆచరణాత్మక ప్రశ్న స్మృతి వాక్యాల అర్థం కాదు. రేపు ఉదయం నీళ్ళు ఎవరు తెస్తారు అన్నదే ఆ ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు రాజ్యలక్ష్మమ్మ. బాల్యంలో బాపమ్మగా పిలువబడిన ఈమె చిన్నవయసులోనే వీరేశలింగం భార్యగా ఆ ఇంట అడుగుపెట్టారు. వంటవాళ్ళు, నీళ్ళవాళ్ళు మానేసినప్పుడు గోదావరి నుంచి నీళ్ళు మోసుకువచ్చి వంట చేసినది ఆమె. పెళ్ళికి వచ్చినవారికీ, ఆశ్రయం కోరి వచ్చిన బాలవితంతువులకూ వండిపెట్టినది, వారిని కనిపెట్టుకున్నది ఆమె. ఈ శ్రమను ‘సహధర్మచారిణి సహకారం’ అన్న ఒక్క సమాసంలో కుదించడం మన విమర్శకు అలవాటైంది. నిజానికి ఆ కొన్ని వారాలలో ఆమె రేవుకు వెళ్ళడం మానివేసి ఉంటే ఉద్యమానికి ఇల్లు మిగిలేది కాదు. సంస్కరణను ఒక వాదంగా వీరేశలింగం నిలబెట్టారు. ఒక గృహస్థితిగా దానిని నడిపినది రాజ్యలక్ష్మమ్మ.

ఇక్కడ స్వీయచరిత్ర పరిమితినీ గుర్తించాలి. 1910లో రాజ్యలక్ష్మమ్మ మరణించారు. ‘స్వీయ చరిత్రము’ పుస్తకరూపంలో వెలువడే నాటికి ఆమె లేరు. ఆమె ధైర్యాన్ని వీరేశలింగం కృతజ్ఞతతో స్మరించారు. కాని ఆ స్మరణ భర్త వాక్యంలో ఉంది. నీళ్ళ కోసం వెళ్ళే దారిలో ఆమె విన్న మాటలేమిటి, పుట్టింటివారితో ఆమెకు ఏం తెగిపోయింది, భర్త నిర్ణయాలలో దేనిని ఆమె ఇష్టంగా మోశారు, దేనిని మోయక తప్పక మోశారు అన్న ప్రశ్నలకు ఆమె నోటి జవాబు ఆ పుస్తకంలో లేదు. పుస్తకం సాక్ష్యమే గాని తీర్పు కాదు. కనుక ఇంటిని పుస్తకంతో చదవాలి అన్నప్పుడు, పుస్తకంలోని మౌనాన్ని ఇంటితో చదవడం కూడా అందులో భాగమే. వీధిగది రచయిత గదిగా చూపడానికి అనువుగా ఉంటుంది. పొగచూరిన వంటింటికి చూపడానికి ఏముంది అనుకుంటారు. కాని సంతకం లేని శ్రమకు అదొక్కటే చిరునామా.

కుప్పళిలో కనిపించేది

వంటిల్లు చూపదగినదేనా అన్న సందేహానికి కుప్పళి ఒక సమాధానం. శివమొగ్గ జిల్లా తీర్థహళ్ళి తాలూకాలోని ఆ మలెనాడు ఇంటిలో కువెంపు రచనలు, పురస్కారాలు, చిత్రాలతో పాటు వంటసామగ్రి, సేద్యపు పనిముట్లు, ఇంటి వాడకంలోని పాత్రలు కూడా ప్రదర్శనలో భాగం. ‘కానూరు హెగ్గడితి’, ‘మలెగళల్లి మదుమగళు’ నవలలు చదివినవారికి అవి ఊరకే పాతసామాను కావు. ఆ నవలలలో భూస్వామి ఇల్లూ ఉంది, ఆ ఇంటి అంచులలో బతికే కూలివారూ ఉన్నారు. ఏ పనిముట్టు ఎవరి చేతిదో పాఠకుడికి తెలుస్తుంది. ఇల్లు నవలను వివరిస్తుంది, నవల ఇంటిని విమర్శిస్తుంది. ఈ రెండు వైపుల రాకపోకలే స్మారక గృహానికి సాహిత్య ప్రయోజనం.

2015 నవంబరులో కవిమనెలో దొంగతనం జరిగి కువెంపు పద్మ పురస్కార పతకాలు పోయాయి. కర్ణాటకలో అది పెద్ద వార్త అయింది. బాధాకరమైన ఆ సంఘటనలో ఒక చిన్న సంగతి ఆలోచింపజేస్తుంది: దొంగ పతకాలను విలువైనవనుకున్నాడు. స్మారక మందిరాలను రూపొందించేవారు కూడా, వేరే కారణాలతోనైనా, సాధారణంగా అదే అంచనా వేస్తారు. పతకానికి అద్దాల పెట్టె, బిందెకు నేల.

నిలవని ఇళ్ళు

ఇంతవరకు చెప్పినదంతా ఇల్లు మిగిలిన రచయితల గురించి. ఇల్లు మిగలడమే ఒక సామాజిక వాస్తవం. పెంకుటిల్లో మేడో కట్టుకోగలిగిన కులాలకు, కాగితం మీద హక్కు చూపగలిగిన కుటుంబాలకు చెందిన ఇల్లు నూరేళ్ళు నిలుస్తుంది. 1958 నాటి కేంద్ర పురావస్తు చట్టం ప్రాచీన కట్టడానికి పెట్టిన కనీస వయసు కూడా నూరేళ్ళే. తాటాకు కప్పు నూరేళ్ళు నిలవదు. 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువ బాల్యాన్ని ఈ చట్టం కొలమానంతో వెదికితే దొరికేది తక్కువ. ఆ బాల్యం ‘నా కథ’ పద్యాలలో ఉంది. ‘గబ్బిలం’లో పేదవాడి గూటిలోకి రాత్రివేళ గబ్బిలం వస్తుంది, అతడికి ప్రవేశం లేని గుడిలోకి కూడా అది పోగలదు. ఆ కావ్యం సాంతం ఒక ఇంటికీ ఒక గుడికీ మధ్య ఉన్న దూరం మీద నిలిచింది. ఆ గూడును ఏ శాఖ సంరక్షించగలదు? కట్టడం లేని చోట స్థలాన్నీ, దారినీ, వాడను కాపాడే పద్ధతి కావాలి. అది మన స్మారక విధానాలలో ఇంకా రూపుదిద్దుకోలేదు.

రచయిత్రుల విషయం మరో తీరు. భండారు అచ్చమాంబ 1874లో పెనుగంచిప్రోలులో పుట్టారు; భర్త ఉద్యోగరీత్యా మధ్యభారతంలో ఉంటూ రచన సాగించారు. 1905లో, ముప్ఫై ఏళ్ళు దాటగానే మరణించారు. పుట్టిల్లు అన్నదమ్ములది, మెట్టినిల్లు మామగారిది, ఉన్న ఇల్లు సర్కారు ఉద్యోగానిది. ‘ఫలానా రచయిత్రి ఇల్లు’ అని బోర్డు పెట్టడానికి కావలసిన స్వామ్యమే ఆమెకు లేదు. రచయితల బాల్యగృహాల జాబితా తయారుచేయడానికి పూనుకున్న పరిశోధకుడు ఎవరైనా, ఆ జాబితా ఎందుకు దాదాపు పూర్తిగా పురుషుల పేర్లతో నిండిపోయిందో మొదటి పేజీలోనే చెప్పవలసి ఉంటుంది. దాశరథి కృష్ణమాచార్యకు ఇల్లు కాక ఇందూరు ఖిల్లా జైలుగోడ జ్ఞాపకస్థలమైంది. నిర్బంధంలో ఉండి ఆయన బొగ్గుతో పద్యం రాసిన గోడ అది. రచనకూ గోడకూ అంత సూటి సంబంధం ఏ జన్మగృహంలోనూ దొరకదు.

దానం చేసిన ఆస్తి

తిరిగి రాజమహేంద్రవరానికి. వీరేశలింగం దంపతులకు సంతానం లేదు. 1906లో హితకారిణీ సమాజాన్ని స్థాపించి, ఆయన తన ఆస్తిని దానికి అప్పగించారు. బాలికల చదువు, వితంతువుల ఆశ్రయం వంటి పనులు తన తర్వాత కూడా కొనసాగాలన్నది దాని ఉద్దేశం. తాను నడిపిన ఇంటిని ఎలా కొనసాగించాలో ఆయనకు ఒక స్పష్టమైన అభిప్రాయం ఉందనడానికి ఇది నిదర్శనం. తలదాచుకునే చోటుగా, చదువుకునే చోటుగా ఇల్లు పనిచేయాలి. దర్శనీయ స్థలంగా ఇల్లు నిలవడం ఆ అభిప్రాయానికి విరుద్ధం కాకపోవచ్చు గాని, దానితో సమానం కాదు. స్మారక గృహాన్ని ప్రతి జయంతికీ పూలదండ వేసే చోటుగా మిగిల్చినంతకాలం ఈ రెండింటి మధ్య ఎడం అలాగే ఉంటుంది.

ఆ ఎడాన్ని తగ్గించడానికి పెద్ద నిధులు అక్కరలేదు. కావలసింది పాఠపరిశోధన. ‘స్వీయ చరిత్రము’ రెండు భాగాలలో ఇంటికి సంబంధించిన ప్రస్తావనలన్నింటినీ గుర్తించి, వివాహాల కాలపు ‘వివేకవర్ధని’ సంచికలతో సరిచూసి, ఏ సంఘటన ఏ తేదీన, ఇంటిలోనో వీధిలోనో రేవులోనో జరిగిందో నమోదు చేసే పని ఒక సిద్ధాంతవ్యాసానికి సరిపోయేంతే. ఆ పని జరిగితే సందర్శకుడి నడక పుట్టిన గదిలో మొదలై అక్కడే ముగియదు. విద్యార్థులు కాపలా నిలిచిన వీధిగుమ్మం ఒక మజిలీ అవుతుంది. వంటిల్లు మరో మజిలీ. అక్కడి నుంచి గోదావరి రేవు దాకా రాజ్యలక్ష్మమ్మ బిందెతో నడిచిన దారి మూడవది. ఆ దారి పురావస్తుశాఖ ప్రహరీకి వెలుపల, మామూలు జనం రోజూ నడిచే వీధులలో ఉంది.